విల్సన్ డయల్ గ్రాండ్‌ఫాదర్ క్లాక్: మూడో వారం దాకా జరిగిన మరమ్మతు పని

బర్మింగ్‌హామ్‌లో ఆస్బార్న్, విల్సన్ కలిసి 1772లో రంగులు వేసిన తెల్ల డయళ్లు అమ్మడం మొదలుపెట్టి, 1777లో విడిపోయారు. ఈ డయల్ వెనక ఉన్న పోత ఇనుప పలక మీద విల్సన్ పేరొక్కటే ఉంది. విడిపోయాక విల్సన్ ఒక్కడే 1809 దాకా ఈ పని చేశాడు, కాబట్టి ఇది 1777–1809 మధ్యది. డయల్ ముందువైపు మాత్రం ఇంకో పేరు. అలా ముందు కనిపించే పేరు చాలాసార్లు గడియారం అమ్మినవాడిదే. డయల్ వేసిన చెయ్యి, చక్రాలు పోతపోసిన చెయ్యి వేరు. అందుకే విప్పగానే ముందు ఇత్తడి పలకల మీది గీతలన్నీ ఫొటోలు తీయాలి. పాత మరమ్మతుదార్లు సూదిమొనతో గీసుకున్న పేర్లు, తేదీలు అక్కడే ఉంటాయి, పాలిష్ పెడితే పోతాయి.

పళ్ల లెక్క సరిపోయింది. పెద్ద చక్రానికి 96, దాని పక్క పినియన్‌కు (చిన్న పళ్ల చక్రం) 8: బ్యారెల్ (గుండు తాడు చుట్టుకునే డోలు) 12 గంటలకో చుట్టు, 16 చుట్లకు 8 రోజులు. తర్వాతి చక్రం–పినియన్ జతలకు 60–8, 56–7. చివర ఎస్కేప్ చక్రానికి 30 పళ్లు, నిమిషానికో చుట్టు. సెకన్ల ముల్లు నేరుగా దాని ఇరుసుకే ఉంటుంది. ప్రతి టిక్కుకూ ఆ ముల్లు కాస్త వెనక్కి జరుగుతుంది, యాంకర్ ఎస్కేప్‌మెంట్ (లోలకంతో ఊగుతూ ఎస్కేప్ చక్రం పళ్లను ఒక్కొక్కటే వదిలే లంగరు ఆకారపు భాగం) గుర్తు అదే. జార్జ్ గ్రాహమ్ 1715 ప్రాంతంలోనే వెనక్కి తన్నని డెడ్‌బీట్ రకం ఎస్కేప్‌మెంట్ చేసినా, ఊళ్లలోని పనివాళ్లు యాంకర్‌నే నమ్ముకున్నారు. కాస్త అరిగినా, దుమ్ము పట్టినా ఆగదు మరి.

ఎక్కువ సమయం తిన్నది మూడో చక్రం వెనక పివట్ (ఇరుసు సన్నని కొన) తిరిగే రంధ్రం. కోలగా అరిగింది. దాన్ని అలాగే బ్రోచ్‌తో (రంధ్రం తొలిచే కోసు పనిముట్టు) పెద్దది చేస్తే మధ్య బిందువు అరిగిన వైపుకే జరుగుతుంది, పళ్లు సరిగ్గా కలవవు. అందుకే అరగని వైపు కూడా అంతే మేర సన్న ఆకురాయితో రాసి, పాత మధ్య బిందువుకు తెచ్చాకే లోపలి వైపు నుంచి బ్రోచ్ చేసి బుష్ (రంధ్రంలో ఇమిడే చిన్న ఇత్తడి గొట్టం) దిగ్గొట్టాలి. ఇత్తడిని అమ్మోనియా ద్రావణంలో రాత్రంతా నానబెట్టకూడదు, సుత్తి దెబ్బలతో గట్టిపడిన చోట పగుళ్లొస్తాయి. నూనె పివట్లకు, ప్యాలెట్లకు (ఎస్కేప్ చక్రం పళ్లు తగిలే యాంకర్ కొనలు) మాత్రమే. పళ్లకు పెడితే దుమ్ము పట్టి సానరాయిలా పినియన్‌ను తినేస్తుంది.

ప్యాలెట్ల మీద గాడి పడింది. గాడి పోయేదాకా అరగదీస్తే పన్ను జారే దూరం పెరుగుతుంది. పలుచటి గడియారపు స్ప్రింగు ముక్కను సోల్డర్‌తో అతికించడం పాత పద్ధతి, ఇక్కడా అదే చేశాం.

గంటలు కొట్టే వైపు రాక్ పద్ధతి: ఎన్ని కొట్టాలో రాక్ అనే పళ్ల పట్టీ లెక్కపెడుతుంది. ఆ వైపు గుండు ముందే దిగిపోతే, పడిన రాక్ పైకి లేవదు. 12 దాటి 1కి వెళ్లేటప్పుడు దాని తోక స్నెయిల్ (గంటకో మెట్టున్న నత్త ఆకారపు పలక) మెట్టుకు తగిలి గడియారం మొత్తం ఆగుతుంది. నడిపేది, గంట కొట్టేది, రెండు గుళ్లకూ ఒకేరోజు కీ ఇవ్వాలి.

లోలకం పొడవు సుమారు 994 మి.మీ. 1 మి.మీ. తేడాకు రోజుకు 43 సెకన్లు. ఇప్పుడు రోజుకు 20 సెకన్లు వెనక నడుస్తోంది. నట్టు తిప్పి బాబ్‌ను (లోలకం అడుగున ఉండే బిళ్ల) అర మి.మీ. లోపు పైకి లేపాలి. డయల్‌కు తడిబట్ట తగిలించలేదు. అంకెలు, పేరు తెల్ల రంగు పైన విడిగా రాసినవి, ఒక్క తుడుపుకే ఊడొస్తాయి.