నడుం నొప్పికి కౌన్సెలింగా!

తెనాలిలో మాది కిరాణా కొట్టు. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉండే ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. దాంతో మిల్లులవాళ్ళు బస్తాని 26 కిలోలు చేసేశారు. ఆ దసరాకి ముందు గూడ్స్ ఆటోలోంచి అలాంటి బస్తా ఒకటి దించుతుంటే నడుం పట్టేసింది. ఆ ఎక్కువైన ఒక్క కిలో వల్లే నా బతుకు ఇలా అయిందని చాలాకాలం జీఎస్టీని తిట్టుకున్నాను.

వారంలో తగ్గుతుందన్నారు. తగ్గలేదు. ఎక్స్‌రే, ఎమ్మారై, ఇంజెక్షన్లు, బెల్టు, ఫిజియోథెరపీ, తైలాలు అన్నీ అయ్యాయి. ఎముకేమీ విరక్కపోయినా పుత్తూరు కట్టు కట్టించుకోమన్నవాళ్ళూ ఉన్నారు. నరాల మాత్ర వేసుకుంటే పగలంతా మత్తు, చిల్లర లెక్క తప్పేది. మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక నొప్పి అంటారట. నాది అప్పటికే ఏడాదిన్నర.

ఇంతకీ నన్ను నొప్పికంటే ఎక్కువ పాడుచేసింది ఒక మాట. ఎమ్మారై తీసినచోట ఒకాయన ఫిల్ము పైకెత్తి చూసి, "డిస్క్ జారిందండీ, ఇక వంగకండి, కాళ్ళు పడిపోతాయి" అన్నాడు. ఆయన డాక్టరో కాదో కూడా నాకు తెలీదు. ఆ రోజునుంచి కింద పడిన రూపాయి బిళ్ళ కూడా తీయలేదు. కొట్లో కుర్రాడు తీసేవాడు.

చివరికి విజయవాడలో నొప్పుల డాక్టర్ ఒకరు మందులు మార్చి, "క్లినికల్ సైకాలజిస్ట్‌ని కూడా కలవండి" అని చీటీ రాశారు. ఒళ్ళు మండింది. అంటే నేను నటిస్తున్నాననా? ఇంటికొచ్చి చెబితే మా అమ్మ, "నడుం నొప్పికి మాటలేం మందురా, పిచ్చివాళ్ళకి కదా అది" అంది. చీటీ గల్లాపెట్టెలో పడేశాను. రెండు నెలలు అక్కడే ఉంది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి రెండింటికి, ఇలా బతకడం ఎందుకు అనిపించింది. భయమేసి టెలిమానస్ 14416కి ఫోన్ చేశాను. మనసు బాగోలేనివాళ్ళకోసం 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన నంబరు అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. అవతలి అమ్మాయి నా మాట ఓపిగ్గా విని, తెల్లారాక ఇంట్లో చెబుతానని నాతో మాట తీసుకుంది. చెప్పాను. మా ఆవిడే గల్లాపెట్టెలోంచి చీటీ తీసింది.

మొదట వెళ్ళినాయన దగ్గర డబ్బులు దండగ. గంటసేపు మనసు దిటవు చేసుకోండి, పాజిటివ్‌గా ఉండండి అని చెప్పి పంపించాడు. అది మా బావమరిది ఊరికే చెబుతాడు. తర్వాత తెలిసింది, క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఆర్‌సీఐలో, అంటే భారత పునరావాస మండలిలో, నమోదై ఉండాలని. రెండోసారి ఇంకొకావిడ దగ్గరికి ఆ నమోదు నంబరు అడిగే వెళ్ళాను. అడగడానికి మొహమాటపడ్డాను గానీ ఆవిడ ఏమీ అనుకోలేదు, గోడమీది సర్టిఫికెట్ చూపించారు.

మా పెద్దమ్మాయికంటే ఓ ఐదారేళ్ళు పెద్దదై ఉంటుంది ఆ మేడం. మొదటిరోజు మనసు సంగతే ఎత్తలేదు. కాళ్ళలో బలం తగ్గిందా, మూత్రం పోయడంలో ఇబ్బందుందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా అని అడిగారు. వీటిలో ఏ ఒక్కటున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, తన దగ్గరికి తర్వాత అన్నారు. నాకవేవీ లేవు. "మీ నొప్పి నిజమే సార్. దాన్ని పెంచుతున్నవేంటో, తగ్గిస్తున్నవేంటో చూద్దాం" అన్నారు. ఆ 'నిజమే' అన్న మాట దగ్గర నాకు గొంతు పూడుకుపోయింది. రెండేళ్ళలో ఎవరూ అలా అనలేదు మరి.

మోచెయ్యి గోడకి తగిలితే గబగబా రుద్దుకుంటాం, కాస్త తగ్గుతుంది. ఎందుకో ఆవిడ చెప్పారు. నొప్పి సంకేతం మెదడుకి చేరేలోపు వెన్నుపాములో ఒక గేటు లాంటిది దాటాలని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారట. రుద్దితే ఆ గేటు కొంత మూసుకుంటుంది. భయం, దిగులు ఉంటే బార్లా తెరుచుకుంటుంది. నెలల తరబడి నొప్పి ఉంటే నరాల వ్యవస్థే అతిగా స్పందించడం మొదలెడుతుంది. మా పక్కింటి బండి గుర్తొచ్చింది నాకు. సీటు మీద పిల్లి కూర్చున్నా దాని అలారం వీధంతా లేపుతుంది.

నాది లెక్కలు రాసే చెయ్యి కాబట్టి ఒక పుస్తకం పెట్టించారు. ఆ పూట ఏం పని చేశాను, నొప్పి పదికి ఎంత, అప్పుడు మనసులో ఏమనుకున్నాను, మూడు గళ్ళు. మూడు వారాలు రాశాక మేడం ఏమీ చెప్పకుండా పుస్తకం నా వైపు తిప్పారు. నొప్పి తక్కువున్న రోజున నేను సరుకు సర్దడం, గుంటూరు వెళ్ళి రావడం, పాత బాకీల వసూలు అన్నీ ఒక్కరోజే చేసేస్తున్నాను. ఆ తర్వాత రెండ్రోజులు మంచం మీద. అంటే రేపటి ఒంటిని ఇవాళ అరువు తెచ్చుకుని వాడుకుంటున్నానన్నమాట, వడ్డీతో సహా కట్టుకుంటూ. పాతికేళ్ళుగా అరువు ఖాతాలు రాసేవాణ్ణి, ఇది నాకు కనబడలేదు!

అప్పట్నుంచి ఫోన్లో అలారం పెట్టుకున్నాను. ఇరవై నిమిషాలు కూర్చోవడం, లేచి అరుగు దాకా నడిచి రావడం. నొప్పి వచ్చాక ఆగడం కాదు, టైమయ్యాక ఆగాలి. బాగున్న రోజున ఆగడమే కష్టం. కొట్లో పది మంది నిలబడి ఉండగా అలారం మోగితే లేవడానికి సిగ్గేసేది. కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చే వ్యాయామం కూడా నేర్పారు. అది నాకు పెద్దగా అతకలేదు. కొందరికి బాగా పనిచేస్తుందట.

ఐదోసారి వెళ్ళినప్పుడు వంగడం గురించి ఎత్తారు. ముందే నొప్పుల డాక్టర్‌తో మాట్లాడి, నరం మీద ఒత్తిడేమీ లేదని రూఢి చేసుకున్నారట. నొప్పి లేనివాళ్ళ స్కానింగులు చూసి వేసిన లెక్క ఒకటి చెప్పారు. 2015లో వచ్చిన సమీక్ష అది. ఇరవై ఏళ్ళ వయసువాళ్ళలో 37 శాతం మందికి, యాభై ఏళ్ళవాళ్ళలో 80 శాతం మందికి డిస్కులు అరిగినట్టు కనిపించిందట. వాళ్ళెవరికీ నడుం నొప్పి లేదు! నాకు నలభై ఎనిమిది.

ఆ వారం ఇంటిపని ఏమిటంటే ఖాళీ నూనె డబ్బా వంగి ఎత్తడం. ఎత్తేముందు ఏం జరుగుతుందనుకుంటున్నానో పుస్తకంలో రాయాలి. "నడుం విరుగుతుంది, కుడికాలు పడిపోతుంది" అని రాశాను. కొట్టు మూశాక మా ఆవిడ ఒక్కతీ చూస్తుండగా ఎత్తాను. ఖాళీ డబ్బా, కిలో కూడా ఉండదు, చొక్కా తడిసిపోయింది. పక్కగడిలో "ఏమీ జరగలేదు. నొప్పి 6" అని రాసుకున్నాను. తర్వాత రెండు కిలోల ఉప్పు, ఐదు కిలోల చింతపండు, అలా పది కిలోల పంచదార దాకా వచ్చాను. బియ్యం బస్తా ఇప్పటికీ కుర్రాడే దించుతాడు. దాని మీద నాకేం పంతం లేదు.

మధ్యలో ఒకసారి అంతా పోయిందనుకున్నాను. ఏలూరులో పెళ్ళికి బస్సులో వెళ్ళొచ్చాక నాలుగు రోజులు లేవలేదు. "ఇలా వస్తుందని ముందే అనుకున్నాం కదా సార్" అన్నారు మేడం ఫోన్లో. అంతకుముందే ఒక అట్టముక్క మీద రాయించారు, నొప్పి ఎగదన్నితే ఏం చెయ్యాలో: పని సగానికి తగ్గించాలి, పూర్తిగా మానకూడదు, కాపడం పెట్టుకోవాలి, కొత్త స్కానింగుకి పరిగెత్తకూడదు. ఆ అట్ట ఇప్పటికీ గల్లాపెట్టె మూతకి అంటించి ఉంది.

ఎనిమిదోసారి మా ఆవిణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. రోజుకి పదిసార్లు "నొప్పెలా ఉందండీ" అని అడిగేది తను, చేతిలో చెంబు కూడా లాక్కునేది. ప్రేమతోనే. అలా అడగడం తగ్గించి వేరే కబుర్లు చెప్పమన్నారు మేడం. తను కాసేపు కొంగు నలుపుతూ కూర్చుంది. తర్వాత, "నాకూ ఏడాదిగా మెడ నొప్పి ఉంది మేడం, ఆయన ఒక్కసారీ అడగలేదు" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. తెనాలి వచ్చేదాకా రైల్లో ఇద్దరం మాట్లాడుకోలేదు. దిగాక, మెడ ఎక్కడ నొప్పి అని అడిగాను. చూపించింది.

మొత్తం పదిసార్లు వెళ్ళాను, ఒక్కోసారికి ఎనిమిది వందలు. నొప్పి పోలేదు. ఏడు ఉండేది, ఇప్పుడు నాలుగూ ఐదూ మధ్య తిరుగుతోంది. మాత్రలు డాక్టర్ తగ్గించారు, నేనంతట నేను మానలేదు. పొద్దున తొమ్మిదింటికి కొట్టు తీస్తున్నాను, రూపాయి బిళ్ళలు నేనే ఏరుకుంటున్నాను. మా అమ్మ మాత్రం ఇదంతా కొత్త మాత్రల మహిమేనంటోంది.

వచ్చే మంగళవారం మా ఆవిణ్ణి మెడ చూపించుకోవడానికి పంపిస్తున్నాను. ఆ పూట కొట్లో నేనూ, కుర్రాడూ, అలారమూ.