పూతరేకుల డబ్బాకి విచారణ: మూడు పోలీసు సర్టిఫికెట్లతో నా అనుభవం

ఆస్ట్రేలియా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, పెట్టేవాళ్లు గత పదేళ్లలో ఏడాది, ఆపైన ఉన్న ప్రతి దేశం నుంచీ నేరచరిత్ర లేదని పోలీసు క్లియరెన్సు తేవాలి. నాకు ఇండియా, మలేషియా, సింగపూర్ మూడూ పడ్డాయి. ఆఖరిది నిన్ననే చేతికొచ్చింది. ఉక్రోషం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఇండియాది చెప్పుకోవడానికేం లేదు. ఎంక్వయిరీకి ఇంటికొచ్చినాయన టీ తాగి, సంతకాలయ్యాక "తమరి ఇష్టం మాస్టారూ" అన్నాడట. నాన్నగారు ఐదొందలు ఇష్టపడ్డారు. అంతే.

మలేషియాది ఆన్‌లైన్ అప్లికేషనే. పాత పాస్‌పోర్టులో వర్క్ పాస్ పడిన పేజీలన్నీ స్కాన్ చేసి ఉంచుకోండి, ఒక్కటి తగ్గినా వెనక్కొస్తుంది. పెట్టాక మాత్రం ఉలుకూ పలుకూ లేదు. సింగపూర్ సరిహద్దులోని మలేషియా ఊరు జొహోర్ బారులో తెలిసినవాళ్ల ద్వారా ఒక ఏజెంటు దొరికాడు. మనవాడే. పెరాక్ తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల మునిమనవడు, మా తాతగారి కాలం నాటి తెలుగు మాట్లాడతాడు. "అయ్యగారూ, లోపల సారుకి దుయిట్ కోపీ పెడితే వారంలో సెటిల్ చేస్తా" అన్నాడు. మలయ్‌లో కాఫీ డబ్బులని, అంటే లంచం. సిగ్గు లేదు, గుసగుస లేదు, కరెంటు బిల్లు చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను ఇవ్వలేదు. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, ఇవ్వలేదు. ఆలస్యంగానైనా పైసా లంచం లేకుండా వచ్చింది. ఆ డబ్బు నిజంగా లోపలికి వెళ్లేదో, ఏజెంటు జేబులోనే ఆగేదో దేవుడికెరుక. నన్నడిగితే ఏజెంట్లకి ఇవ్వకండి, మనవాడైతే అసలే ఇవ్వకండి.

అసలు కథ సింగపూర్‌ది.

అక్కడ వేలిముద్రలు ఇవ్వాలి. నా వేళ్లు చిన్నప్పటి నుంచీ అరిగిపోయినట్టే ఉంటాయి, ఆధార్ అప్పుడూ ఇదే గోల. కౌంటర్లో ఒక పెద్దావిడ. విసుక్కోకుండా, తుడుచుకోమని, మళ్లీ పెట్టమని, లంచ్ టైము దాటినా కూర్చుని పని పూర్తిచేసింది. మన ఆఫీసుల్లో అలాంటి మనిషిని చూసి ఎన్నాళ్లైందో. అప్పుడే ఊరి నుంచి అమ్మ వచ్చి ఉంది, ఆత్రేయపురం పూతరేకులు తెచ్చింది. "అంత సాయం చేసిన మనిషికి ఉత్త చేతులతో థాంక్స్ ఏమిట్రా" అని తనే ఒక డబ్బా చేతిలో పెట్టింది. తర్వాత పత్రాలేవో చూపించడానికి వెళ్లినప్పుడు ఆ డబ్బా ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ చేతులు వెనక్కి లాగేసుకుంది. పామును చూసినట్టు చూసింది. లోపలికెళ్లి సూపర్‌వైజర్ని తీసుకొచ్చింది. ఆయన నన్ను పక్కకి రమ్మన్నాడు. పేరు, పాస్ నంబరు, డబ్బాలో ఏముంది, ఎంత ఖరీదు, ఎందుకిస్తున్నావు, ఈ ఆఫీసర్ నీకు ముందే తెలుసా? ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకుంటున్నాడు. క్యూలో ఉన్నవాళ్లందరూ చూస్తున్నారు, అందులో ఇద్దరు మనవాళ్లే, నన్ను చూసి మొహాలు తిప్పుకున్నారు. ఖరీదెంతంటే ఏం చెప్పను? మా అమ్మ బేరమాడి కొన్నది! బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి అని వివరిస్తుంటే నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, అదే ఇంకా కాల్చింది. తిడితే తిరిగి ఏదో అనేవాణ్ణి. చివరికి డబ్బా నాకే ఇచ్చి, "మా ఆఫీసర్లకి ఇలాంటివి ఇవ్వకండి" అని మర్యాదగా చెప్పి పంపాడు.

పీఆర్ పోయినట్టేనని ఆ రాత్రి నిద్ర లేదు. చట్టం తీసి చదివాను. 1960 నాటి అవినీతి నిరోధక చట్టంలో, ప్రభుత్వంతో పని ఉన్నవాడు ఉద్యోగికి ఏదైనా ఇస్తే అది లంచమే అనుకుని మొదలుపెడతారు. కాదని రుజువు చేసుకోవాల్సింది మనం. 2024 అక్టోబరులో మాజీ రవాణా మంత్రి ఈశ్వరన్‌కి పన్నెండు నెలల జైలు పడింది. ఆయన పుచ్చుకున్నవి నోట్ల కట్టలు కావు. ఫార్ములా వన్ టికెట్లు, విస్కీ సీసాలు, ఒక సైకిలు లాంటివి, అన్నీ కలిపి సుమారు నాలుగు లక్షల సింగపూర్ డాలర్ల విలువ. మంత్రిగారి విస్కీకీ మా అమ్మ పూతరేకులకీ పోలికేమిటని నాకిప్పటికీ కోపమే. కానీ ఆ పెద్దావిడ ఎందుకు అంత బెదిరిందో అర్థమైంది.

ఈ మాట ఎత్తితే ఫ్రెండ్స్ గ్రూపులో ఒకటే వాదన: "1959 నుంచీ ఒకే పార్టీ గనక సింగపూర్ బాగుపడింది, ఎన్నికల గోల ఉన్నచోట ఇంతే" అని. ఒప్పుకోను. ఒకే పార్టీ చాలుననుకుంటే వియత్నాంలో ఉన్నది కూడా ఒకే పార్టీ. అక్కడ కోవిడ్ కిట్ల కుంభకోణం ముదిరి, 2023 జనవరిలో దేశాధ్యక్షుడే కింది వాళ్ల తప్పులకి బాధ్యత వహించి దిగిపోయాడు. సింగపూర్ అవినీతి నిఘా సంస్థ ఆ పార్టీ గద్దెనెక్కక ముందు, 1952లో, తెల్లవాళ్ల హయాంలో పుట్టింది. నల్లమందు దోపిడీలో పోలీసు డిటెక్టివులే దొరికారని పోలీసు శాఖకి బయట పెట్టారు. అయితే అది ప్రధాని కింద పనిచేస్తుంది. ప్రధానే తప్పుచేస్తే ఎలా అన్న ప్రశ్నకి జవాబు మలేషియాలో చూశాను.

2018 మే 9న పోలింగు బుధవారం. సింగపూర్‌లో పనిచేసే మలేషియావాళ్లు సెలవు పెట్టి మరీ రెండు దేశాల్నీ కలిపే కాజ్‌వే దాటి వచ్చి ఓటేశారు. స్వాతంత్ర్యం వచ్చిన 1957 నుంచీ ఓడని కూటమి ఓడింది. అప్పటిదాకా ప్రధానిగా ఉన్న నజీబ్ మీద కేసులు ఆ తర్వాతే కదిలాయి, నాలుగు కోట్ల ఇరవై లక్షల రింగిట్ల కేసులో పన్నెండేళ్ల శిక్ష పడి 2022 ఆగస్టులో జైలుకెళ్లాడు. 2024లో క్షమాభిక్ష మండలి దాన్ని ఆరేళ్లకి తగ్గించింది, అది వేరే సంగతి. పెద్ద తలకాయని ఓటు దించింది, చిన్న బల్ల దగ్గర కాఫీ డబ్బులు మాత్రం అలాగే ఉన్నాయి. దేశాల అవినీతిని అంచనా వేసే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సంస్థ 2024 లెక్కలో (మార్కులు ఎక్కువైతే అవినీతి తక్కువని) సింగపూర్‌కి నూటికి 84, మలేషియాకి 50, మనకి 38. ఈ అంకెలు గ్రూపులో పెడితే అందరూ టాపిక్ మార్చేశారు.

సింగపూర్ సర్టిఫికెట్ మాత్రం చెప్పిన తేదీకే వచ్చింది, డబ్బా గొడవ ఎక్కడా అడ్డుపడలేదు. మూడూ అప్‌లోడ్ చేశాను. వేలిముద్రలు అరిగినవాళ్లు వారం ముందు నుంచీ గిన్నెలు తోమకండి, గోరింటాకు పెట్టుకోకండి. ఇక మెడికల్ మిగిలింది, అపాయింట్‌మెంట్ వచ్చే బుధవారం.