క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌కు ఫైనాన్స్ విభాగం అనుమతి తెచ్చుకున్న తీరు: నా అనుభవం

మా సంస్థలో స్టాకు, ఇన్‌వాయిసులు, ఖాతాలు మూడూ ఒకే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ (మన కంప్యూటర్లలో కాక బయటి సర్వర్లలో ఉండి ఇంటర్నెట్ ద్వారా నడిచేది) మీదికి వచ్చి, పాత ప్యాకేజీని పూర్తిగా ఆపివేసింది ఈ వారమే. స్టోర్స్ విభాగం తరఫున మొదటి నోట్ పెట్టిన నాటి నుంచి ఈ పని భారం నా మీదే ఉంది కనుక, అన్నీ గుర్తున్నప్పుడే రాసిపెడుతున్నాను. మన వంటి దేశాలలో సంస్థలు కొత్త డిజిటల్ సాంకేతికతను ఎందుకు త్వరగా తెచ్చుకోలేకపోతున్నాయని అడిగితే కరెంటు కోతలు, ఇంటర్నెట్, ఖర్చు, కంప్యూటర్ అలవాటు లేని సిబ్బంది అని అందరూ అవే కారణాలు చెబుతారు. మా దగ్గర వాటిలో ఏదీ పనిని ఆపలేదు. సంతకం చేయవలసినవారు చేయకపోవడం వల్లనే పని ఆగింది.

వెండర్ల డెమోలు, కొటేషన్లు సాఫీగానే ముగిశాయి. ఇంటర్నెట్ కోసం వేరువేరు కంపెనీల నుంచి రెండు లైన్లు తీసుకున్నాము, గోడౌన్‌లో ఒక యూపీఎస్ పెట్టించాము. కంప్యూటర్ ముందు ఎన్నడూ కూర్చోని స్టోర్‌కీపర్లు ఫోన్‌తో బార్‌కోడ్ స్కాన్ చేయడం ట్రైనింగ్ పూర్తి కాకముందే నేర్చుకున్నారు. సిబ్బంది వ్యతిరేకిస్తారన్న మాటను ఇకమీదట ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పాత రికార్డులను సరిచేయడం మాత్రం ఓపికతో చేయవలసిన పని. ఒకే బేరింగ్ మా రిజిస్టర్లలో ఒకచోట ‘6205’ అనీ, మరొకచోట ‘బేరింగ్ 6205’ అనీ, ఇంకొకచోట ‘6205 జడ్‌జడ్’ అనీ ఉండేది. మూడు పేర్లకూ మూడు నిల్వలు చూపిస్తుంటే, ర్యాకులో సరుకు ఉండగానే మళ్లీ కొనుగోలు ఆర్డరు వెళ్లేది. మాస్టర్ డేటాను, అంటే సరుకుల పేర్ల మూల జాబితాను, శుభ్రం చేయకుండా ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఆ తప్పులే తెర మీదికి వస్తాయి. ఈ పనిని వెండరుకు అప్పగించవద్దు, సరుకును చేత్తో పట్టుకుని చూసినవారే చేయాలి.

ఇక ఫైనాన్స్ విభాగం. ఒక గోడౌన్‌లో ట్రయల్ నడిపి, మిగులు స్టాకు ఎంత బయటపడిందో లెక్కలతో సహా జతచేసి ఫైలు పంపాను. ‘చర్చించవలెను’ అన్న ఒక్క మాటతో అది తిరిగి వచ్చింది. చర్చించడానికి వెళితే ఆ విభాగాధిపతి గది బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. చివరకు లోపలికి పిలిచి, మన డేటాను క్లౌడ్‌లో పెట్టడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకోదని చెప్పి పంపించివేశారు. నేను ఆ ఆదేశాన్ని తెప్పించుకుని చదివాను. 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆ ఆదేశం చెల్లింపు వ్యవస్థలను నడిపే సంస్థలకు సంబంధించినది. చెల్లింపుల సమాచారాన్ని భారతదేశంలోనే నిల్వచేయాలని అది చెబుతుంది. బేరింగులు, బోల్టులు నిల్వచేసుకునే కంపెనీకి దానితో పని లేదు. మాకు వర్తించేది కంపెనీల ఖాతాల నిబంధన. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న ఖాతా పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్లలో ప్రతిరోజూ ఉంచాలని 2022 ఆగస్టులో చేసిన సవరణ చెబుతుంది. మేము ఎంచుకున్న వెండరు డేటా సెంటరు మన దేశంలోనే ఉంది. అప్పట్లో బ్యాకప్ లేకుండా ఒక మూలన నడుస్తున్నది మా పాత సర్వరే.

ఈ సంగతిని కాగితం మీద పెట్టి కమిటీ సమావేశంలో చదివాను. విభాగాధిపతి ఆ కాగితాన్ని చూడకుండానే, “స్టోర్స్ వాళ్లు మాకు చట్టాలు నేర్పుతారా?” అని అందరి ముందూ అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత అడిగిన ప్రశ్న ఒక్కటే: రేపు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? ఆ ప్రశ్నకు వెండరు ఒప్పందంలోనే సమాధానం ఉందని నేను చెప్పబోతుండగా తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. అంత కష్టపడి చేసిన ట్రయల్ లెక్కలను కమిటీలో ఒక్కరూ తెరిచి చూడలేదు. ఆ అవమానం నాకు ఇంకా తగ్గలేదు.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. టోర్నాట్జ్‌కీ, ఫ్లైషర్ అనే పరిశోధకులు 1990లో ప్రతిపాదించిన చట్రం ప్రకారం సంస్థ ఒక సాంకేతికతను స్వీకరించడం మూడింటి మీద ఆధారపడుతుంది: ఆ సాంకేతికత స్వభావం, సంస్థ లోపలి పరిస్థితి, బయటి వాతావరణం. ప్రయోజనం కంటికి కనిపించాలి, ముందుగా పరీక్షించి చూసుకునే వీలుండాలి అని, కొత్త పద్ధతులు ఎలా వ్యాపిస్తాయో అధ్యయనం చేసిన రోజర్స్ 1962లోనే చెప్పాడు. మేము ఆ రెండూ చేసి చూపించాము, అయినా ఫైలు కదలలేదు. సంస్థలు లాభం లెక్క వేసుకుని మాత్రమే మారవనీ, చట్టం ఒత్తిడి వల్లా, సాటి సంస్థలను చూసి, వృత్తి నిపుణుల ప్రమాణాలకు లోబడి కూడా మారతాయనీ డిమాజియో, పావెల్ అనే సమాజశాస్త్రవేత్తలు 1983లో రాసినది మా కమిటీకి అక్షరాలా సరిపోయింది.

మమ్మల్ని కదిలించింది చట్టమే. ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలనీ, దాన్ని ఆపివేసే వీలు ఉండకూడదనీ కంపెనీలకు పెట్టిన నిబంధన రెండుసార్లు వాయిదా పడి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. మళ్లీ వాయిదా పడుతుందిలే అని ఫైనాన్స్ వారు కూర్చున్నారు. 2023-24 ఖాతాలను చూసిన ఆడిటరు, పాత ప్యాకేజీలో ఆ సౌకర్యం లేదని తన నివేదికలో రాయవలసి వస్తుందని చెప్పగానే, నా ఫైలును వెతికించి, అందులో ఒక్క అక్షరం మార్చకుండా సంతకం చేశారు. బిల్లులను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించే ఈ-ఇన్‌వాయిసు విషయంలోనూ దేశమంతటా ఇదే జరిగింది. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలైన ఆ నిబంధన 2023 ఆగస్టు నాటికి 5 కోట్లు దాటిన వాటికి కూడా వర్తించింది. ఎన్ని సెమినార్లు పెట్టినా కదలని చిన్న సంస్థలు తమ వంతు రాగానే మారాయి. చట్టం గట్టిగా నిలబడితేనే మారే అలవాటు మన కార్యాలయాలకు మంచిది కాదు. కింది ఉద్యోగి కష్టపడి తెచ్చిన రుజువును చదివే మర్యాద పైవారికి ఉండాలి.

ఈ దారిలో వెళ్లేవారు ముందుగా ఆడిటరును కలవండి, ఆయన లేఖను మొదటి పేజీగా పెట్టండి, లాభాల లెక్కలను వెనుక ఉంచండి. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఒప్పందంలోని పేరాను ఎర్రసిరాతో గుర్తించి పంపండి. సంసిద్ధత నివేదికలు రాసే కన్సల్టెంట్ల మీద డబ్బు పెట్టవద్దు. మా కన్సల్టెంటు గోడౌన్‌లో అడుగు పెట్టకుండానే సిబ్బంది సిద్ధంగా లేరని రాశారు.

కొనుగోళ్లను కూడా ఇదే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకురావడానికి నిన్న కొత్త నోట్ పెట్టాను. ఆడిటరు లేఖను మొదటి పేజీలోనే జతచేశాను.