ఆసుపత్రి పాలకమండలిలో ఏ వృత్తులవారు కూర్చుంటున్నారు?

ప్రభుత్వ ఆసుపత్రిని నడిపే సమితి సభ్యుల జాబితా ఏదైనా చేతికి వస్తే నేను పేర్లకన్నా ముందు ఆ మనుషులు జీవితంలో ఏ పని చేసి వచ్చారో వెతుకుతాను. దక్షిణ ఒడిశాలో ప్రభుత్వ లెక్కల విభాగంలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. ఖర్చు కాగితాల మీద సంతకం చేసేవారికి ఆ ఖర్చు లోగుట్టు తెలియకపోతే డబ్బు ఎటు పోతుందో దగ్గరగా చూశాను. అయితే మన జాబితాలలో ఆ వివరం దొరకదు. జిల్లా కలెక్టరు, ముఖ్య వైద్యాధికారి, జిల్లా పరిషత్తు అధ్యక్షులు, శాసనసభ్యులు అని హోదాలు వరుసగా ఉంటాయి. ఎవరికి ఎంత అధికారం ఉన్నదో అవి చెబుతాయి కానీ, ఎవరికి ఏమి తెలుసునో చెప్పవు.

ఈ సంగతి మా ప్రాంతానికి మరీ ముఖ్యం. బరంపురంలో 1962లో మొదలైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి గంజాం జిల్లావారు మాత్రమే వస్తారనుకుంటే పొరపాటు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల నుంచి తెలుగువారు వస్తారు, గజపతి జిల్లా కొండల నుంచి సవరలు వస్తారు, కంధమాల్ నుంచి కుయి మాట్లాడేవారు వస్తారు. అటు రాయగడ, కొరాపుట్ జిల్లాలవారిలో చాలామంది విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి వెళతారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంతగా పాతుకుపోయిందో తెలిసినవారికి, సరిహద్దుకు ఇరువైపులా ఉన్న పెద్దాసుపత్రుల మీద ఎంత బరువు పడుతున్నదో వేరే చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీత రెవెన్యూ రికార్డులకు ఎల్లగా పనికివచ్చిందే తప్ప, రోగులు ఏనాడూ దాన్ని లెక్కచేయలేదు.

మన దగ్గర ప్రభుత్వ ఆసుపత్రికి పాలకమండలిని పోలినది ఏదైనా ఉన్నదంటే అది రోగి కల్యాణ సమితి. ఆంధ్రలో దీన్నే ఆసుపత్రి అభివృద్ధి సంఘం అంటారు. దీని పుట్టుక కూడా తెలుసుకోదగినది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టిన తరువాత మధ్యప్రదేశ్‌లోని ఇందోరులో మహారాజా యశ్వంతరావు ఆసుపత్రిని ఖాళీ చేయించి, ఎలుకలను నిర్మూలించి, భవనాన్ని శుభ్రం చేయించారు. ఆ పనిని ముందుండి నడిపించింది జిల్లా యంత్రాంగం. ఆ శుభ్రత నిలవాలంటే స్థానికంగా ఒక సంఘం, దానికంటూ ఒక నిధి ఉండాలన్న ఆలోచనతో ఈ సమితులు మొదలయ్యాయి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆ నమూనాను దేశమంతటా తీసుకున్నది. 1860 నాటి సంఘాల నమోదు చట్టం కింద ప్రతి ఆసుపత్రి సమితినీ నమోదు చేయించి, తొలినాళ్ళలో జిల్లా ఆసుపత్రికి ఏటా 5 లక్షల రూపాయలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏటా లక్ష రూపాయలు సమితి నిధిగా ఇచ్చారు. ఈ విధంగా సమితిని రూపొందించినవారు పరిపాలనాధికారులు కావడం వల్ల, అందులో స్థానాలు కూడా పరిపాలన హోదాలను బట్టే ఏర్పడ్డాయని నా అభిప్రాయం. కలెక్టరు ఉంటే పని జరుగుతుందన్నది నిజమే. కానీ కలెక్టరు బదిలీ అయిన మరునాడు సమితికి మిగిలే జ్ఞానం ఏమిటన్నది ఎవరూ అడగలేదు.

వృత్తి అనుభవం ఎంత తేడా తెస్తుందో నేను ఒక సమావేశంలో కళ్ళారా చూశాను. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. లెక్కలు వినిపించడానికి నన్ను పిలిచారు. వార్డులలో మంచాల మీద దుప్పట్లు ఉండటం లేదన్న ఫిర్యాదు మీద చర్చ వచ్చింది. వారంలో రోజుకో రంగు చొప్పున కొత్త దుప్పట్లు కొనాలని ఒక సభ్యులు ప్రతిపాదించారు, మిగిలినవారు సరేనన్నారు, కొటేషన్లు పిలిచే దాకా వచ్చింది. ఏదో సంతకం కోసం లోపలికి వచ్చిన వార్డు సిస్టరుగారిని అధ్యక్షులు మర్యాదకు ఒక మాట అడిగారు. ఆవిడ తడుముకోకుండా, “సార్, దుప్పట్లు చాలినన్ని ఉన్నాయి. స్టోరు గదిలో మాసినవి మూటలు మూటలుగా పడి ఉన్నాయి. ధోబీ కాంట్రాక్టరు వారానికి రెండుసార్లే వస్తాడు. వానాకాలంలో ఉతికినవి ఆరవు. తడివి వేస్తే రోగి ఒప్పుకోడు, మాసినవి వేస్తే మీరు ఒప్పుకోరు, అందుకే వట్టి మంచం ఉంటోంది” అన్నారు. తరువాత స్టాకు పుస్తకం తెప్పించి చూస్తే ఆవిడ చెప్పినదంతా అక్షరాలా నిజం. దుప్పట్ల కొనుగోలు ఆపి, ఆ డబ్బుతో బట్టలారబెట్టే యంత్రానికి ప్రతిపాదన పంపారు, ధోబీ ఒప్పందాన్ని మార్చారు. బయటికి వచ్చాక ఆవిడ నాతో తెలుగులో, “బాబుగారూ, ఈ మాట చెప్పడానికి ఏడాదిగా చూస్తున్నాను, అడిగినవారు లేరు” అన్నారు. నర్సింగులో దశాబ్దాల అనుభవం ఉన్న ఆ మనిషికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. ఆ రోజు సంతకం పని పడకపోయి ఉంటే గదిలోకి వచ్చేవారే కాదు.

యంత్రాల కొనుగోలులో ఈ లోటు ఇంకా ఖరీదైనది. రక్తపరీక్షలు చేసే యంత్రాలలో కొన్నింటికి తయారుచేసిన కంపెనీ అమ్మే రసాయనాలే వాడాలి, వేరే కంపెనీవి పనిచేయవు. అటువంటప్పుడు యంత్రం ధర చిన్నదిగానూ, ఏటా కొనవలసిన రసాయనాల ఖర్చు పెద్దదిగానూ తేలుతుంది. డాక్టరుగారు యంత్రం నాణ్యతను చూస్తారు, ప్రజాప్రతినిధి ప్రారంభోత్సవం తేదీని చూస్తారు. రసాయనాలకు ఏ పద్దు కింద డబ్బు వస్తుందని, వారంటీ గడువు తీరాక మరమ్మతు ఒప్పందానికి ఎంత కట్టాలని అడగవలసింది లెక్కలు తెలిసినవారూ వైద్య పరికరాల ఇంజనీరూ. 2015లో కేంద్ర ప్రభుత్వం పరికరాల నిర్వహణ పథకం మొదలుపెట్టే ముందు లెక్క తీయించినప్పుడు, ప్రభుత్వ ఆసుపత్రులలో రాష్ట్రాన్నిబట్టి 13 నుంచి 34 శాతం దాకా పరికరాలు పనిచేయడం లేదని తేలింది. మూలనపడ్డ ఆ యంత్రాలలో ప్రతిదాన్నీ ఏదో ఒక సమావేశంలో ఎవరో ఒకరు ఆమోదించే ఉంటారు.

ఈ విషయంలో ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రుల పద్ధతి పరిశీలించదగినది. అక్కడి ఫౌండేషన్ ట్రస్టుల (ఎక్కువ స్వయంనిర్ణయాధికారం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి సంస్థల) పాలకమండలి ఎలా ఉండాలో 2006 నాటి జాతీయ ఆరోగ్య సేవల చట్టం నిర్దేశించింది. మండలిలోని కార్యనిర్వాహక డైరెక్టర్లలో ప్రధాన కార్యనిర్వహణాధికారి, ఆర్థిక డైరెక్టరు ఉండాలి. ఒకరు రిజిస్టరైన వైద్యులు గానీ దంతవైద్యులు గానీ అయి ఉండాలి. ఒకరు రిజిస్టరైన నర్సు గానీ మంత్రసాని గానీ అయి ఉండాలి. నర్సుకు కుర్చీ ఇవ్వడం అక్కడ ఎవరి దయ మీదా ఆధారపడలేదు, అది చట్టంలో రాసి ఉంది. వీరికి తోడు ఆసుపత్రి ఉద్యోగులు కాని డైరెక్టర్లు ఉంటారు. అధ్యక్షులను మినహాయించి మండలిలో కనీసం సగం మంది అటువంటి స్వతంత్రులై ఉండాలని అక్కడి పాలనా నియమావళి చెబుతుంది. బ్యాంకుల్లో, న్యాయస్థానాల్లో, విశ్వవిద్యాలయాల్లో, స్థానిక ప్రభుత్వాల్లో పనిచేసినవారిని ఆ స్థానాలకు తీసుకుంటారు. ప్రతి డైరెక్టరు నైపుణ్యాన్నీ అనుభవాన్నీ వార్షిక నివేదికలో వివరించాలి. వారికి ఏ సంస్థలతో ఆర్థిక సంబంధాలున్నాయో చూపే పట్టీని ఎవరైనా చూడవచ్చు.

ఇంత ఏర్పాటూ ఒక్కరోజులో రాలేదు, ఇది ఉన్నంతమాత్రాన తప్పులు జరగకుండా పోలేదు కూడా. 1983లో సెయిన్స్‌బరీ అనే కిరాణా వ్యాపార సంస్థకు చెందిన రాయ్ గ్రిఫిత్స్ ప్రభుత్వం కోరగా ఆసుపత్రులను పరిశీలించి, ఏ నిర్ణయానికి ఎవరు బాధ్యులో తెలియడం లేదని తేల్చి, జనరల్ మేనేజర్లను నియమించాలని సూచించారు. ఆ తరువాత వ్యాపార నిర్వహణ తెలిసినవారి ప్రాబల్యం పెరిగింది. అలాగని వైద్యులే పైన ఉంటే సరిపోతుందా అంటే, బ్రిస్టల్ ఉదంతం కాదంటుంది. అక్కడ పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని మత్తుమందు ఇచ్చే ఒక వైద్యుడు మొత్తుకున్నా ఏళ్ళ తరబడి పట్టించుకోలేదు. అప్పటి ట్రస్టు ప్రధానాధికారి స్వయంగా వైద్యుడే. 1998లో వైద్యమండలి ఆయన పేరును రిజిస్టరు నుంచి తొలగించింది. స్టాఫర్డ్ ఆసుపత్రి కథ ఇందుకు తలకిందులు. ఫౌండేషన్ ట్రస్టు హోదా సంపాదించాలన్న పట్టుదలతో మండలి ఖర్చు తగ్గింపు మీదనే దృష్టి పెట్టింది. సిబ్బందిని తగ్గించారు, వార్డులలో రోగులు నీళ్ళు అందక, శుభ్రం చేసే దిక్కులేక నరకం అనుభవించారు. 2008 ఫిబ్రవరిలో హోదా మాత్రం దక్కింది. 2013లో రాబర్ట్ ఫ్రాన్సిస్ ఇచ్చిన విచారణ నివేదిక 290 సిఫారసులు చేసింది. డైరెక్టరు పదవికి తగినవారు, యోగ్యులు అయినవారే ఉండాలన్న నిబంధన ఆ మరుసటి ఏడాది అమలులోకి వచ్చింది.

ఈ రెండు ఉదంతాలూ చదివినప్పటి నుంచి నాకు ఒక విషయంలో సందేహం లేదు. ఏ ఒక్క వృత్తీ ఆసుపత్రిని పూర్తిగా చూడలేదు. నా వృత్తి కూడా అంతే. లెక్కలవాడికి మిగులు కనిపిస్తుంది కానీ, ఆ మిగులు ఏ మంచం దగ్గర లోటుగా మారిందో కనిపించదు. డాక్టరుకు జబ్బు తెలుసు, తోటి డాక్టరును ప్రశ్నించడం మాత్రం కష్టం. అందువల్ల ఒకరు చూడలేనిది మరొకరు చూసేలా కూర్పు ఉండాలి.

మన దేశంలో పెద్ద సంస్థల చట్టాలలోనూ ఈ కూర్పు గురించి ఆలోచించినవారు లేకపోలేదు. 1956 నాటి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ చట్టం ఢిల్లీ సంస్థకు 17 మంది సభ్యులను నిర్దేశించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉపకులపతి, ఆరోగ్య సేవల డైరెక్టరు జనరల్, సంస్థ డైరెక్టరు, ఆర్థిక, విద్యా శాఖల ప్రతినిధులు, విశ్వవిద్యాలయాల వైద్య విభాగాల నుంచి నలుగురు, ముగ్గురు పార్లమెంటు సభ్యులు ఉంటారు. కేంద్రం నియమించే మరో ఐదుగురిలో ఒకరు వైద్యులు కాని శాస్త్రవేత్త అయి, శాస్త్రవేత్తల సంఘమైన భారత సైన్సు కాంగ్రెసు తరఫున రావాలి. వైద్యం బయటి శాస్త్రవేత్తకు కావాలనే ఒక స్థానం కేటాయించిన ఆ దూరదృష్టికి నేను నమస్కరిస్తాను. అదే చట్టంలో నర్సుకంటూ ఒక స్థానం లేకపోవడం మాత్రం బాధ కలిగిస్తుంది.

ఇక మా సరిహద్దు జిల్లాల సమితులలో ఇంకెవరు ఉండాలంటే, ముందుగా రోగుల భాష తెలిసినవారు ఉండాలి. ఒడియా, ఇంగ్లీషు బోర్డులు చదవలేని కవిటి రైతు, ఆ రెండూ రాని సవర తల్లి ఓ.పి. చీటీ ఎక్కడ ఇస్తారో తెలియక వరుస మారి వరుసలో నిలబడుతున్నారు. ఊళ్ళో బడిపంతులుగా పనిచేసి విరమించిన సవర గానీ, ఆశా కార్యకర్తగా పనిచేసి గర్భిణులను ఈ ఆసుపత్రికే తీసుకువచ్చిన అనుభవం ఉన్న తెలుగు స్త్రీ గానీ సమితిలో ఉంటే ఈ మాట ప్రతి సమావేశంలోనూ వినబడుతుంది. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వచ్చే రోగికి తెలిసినంతగా ఆ విభాగం మంచిచెడ్డలు ఏ అధికారికీ తెలియవు. అటువంటివారిని “ప్రముఖులు” అన్న కోటాలో ఎవరూ తలచుకోరు. ఆ కోటాలో సాధారణంగా వ్యాపారులు, కొన్నిచోట్ల దాతలు ఉంటారు. దాతలకు గౌరవం దక్కవలసిందే. అయితే ఆసుపత్రి గేటు ఎదుట మందుల దుకాణమో, ఊళ్ళో ప్రైవేటు నర్సింగ్ హోమో ఉన్న సభ్యులు ఆ సంగతిని ముందుగానే రాతపూర్వకంగా తెలిపి, సంబంధించిన చర్చ వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవాలి. ఇది ఎవరినీ అనుమానించడానికి చెప్పడం లేదు. అందరి మర్యాదా నిలవడానికి చెబుతున్నాను.

వీటిలో చాలావాటికి ప్రభుత్వ ఉత్తర్వులు మారాలి, దానికి కాలం పడుతుంది. సభ్యుల వివరాలు అడగడానికి మాత్రం ఇప్పుడే చట్టం ఉన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ప్రకారం, ప్రతి ప్రభుత్వ సంస్థా తన మండళ్ళ, కమిటీల వివరాలనూ, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చో లేదో, చర్చల నమోదు ప్రజలకు అందుబాటులో ఉన్నదో లేదో, ఎవరూ అడగకముందే ప్రకటించాలి. నేను ఇక్కడి మిత్రులతో కలిసి బరంపురం చుట్టుపక్కల ఆసుపత్రుల సమితులకు ఒక వినతిపత్రం సిద్ధం చేస్తున్నాను. సభ్యుల పట్టికలో పేరు, హోదాల పక్కన మరో మూడు గడులు చేర్చమని కోరుతున్నాము: చేసిన వృత్తి, అందులో ఎన్నేళ్ళ అనుభవం, ఆసుపత్రితో వ్యాపార సంబంధం ఉన్నదా లేదా. ఉత్తర్వులు మారే దాకా ప్రతి సమావేశానికి ఒక సీనియర్ నర్సును ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలవమన్నది నాలుగో కోరిక. పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వైపు ఉన్న తెలుగువారెవరైనా తమ ఊరి ఆసుపత్రికి ఇదే వినతి పంపదలచుకుంటే, ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన ప్రతిని పంపిస్తాను.