రెండు ఎడమ చేతులు

నాకు ఒంట్లో బాగాలేదని నాకంటే ముందు నా కత్తెరకు తెలిసింది. 2024 ఏప్రిల్ 5, శుక్రవారం రాత్రి ముదురాకుపచ్చ పట్టు రవిక ఒకటి కత్తిరించాను. మర్నాడు ఉదయం చేతులు అతకబోతే రెండూ ఎడమ చేతులే. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాను, నేర్చుకునే రోజుల్లో కూడా ఆ తప్పు చేయలేదు. నూలు గుడ్డ అయితే ఒకదాన్ని తిరగేసి కుట్టేయవచ్చు. పట్టు తిరగేస్తే జరీ లోపలికి పోతుంది. మిగులు గుడ్డ జానెడు కూడా లేదు. ఏడుపు రావలసిన చోట నాకు నవ్వు వచ్చింది. ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వాను. ఆ నవ్వు గురించి తరువాత డాక్టరమ్మ రెండుసార్లు అడిగి రాసుకుంది.

మాది కర్నూలు పాతబస్తీ. ఆ ఏడాది ఉగాది 9న, రంజాన్ పండుగ 11న వచ్చాయి. రెండు పండుగలూ ఒకే వారంలో వస్తే దర్జీకి అదొక పంట. కాదనకుండా అందరి గుడ్డలూ తీసుకున్నాను. సంచులు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. అదే వారంలో ఎండ 42 దాటింది. వడగాడ్పులు జాగ్రత్త అంటూ ఫోనుకు సందేశాలు వస్తూనే ఉన్నాయి. వాటిని చదవకుండానే తుడిచేసేదాన్ని. కర్నూలువాళ్లకు ఎండ విషయంలో కొంచెం పొగరు ఉంటుంది. విజయవాడ చుట్టాలు వచ్చి ఉస్సురంటే లోలోపల నవ్వుకుంటాం. మాది పొడి ఎండ, మీలా ఉక్కపోత లేదని గొప్పలు పోతాం. రోహిణి కార్తె ఇంకా నెలన్నర ఉంది, ఇప్పుడే ఏమి ఎండలే అనుకున్నాను.

పైగా నేను ఎండలోకి పోలేదు కదా! వడదెబ్బ అంటే పొలాల్లో, రోడ్ల మీద తిరిగేవాళ్ల జబ్బని నా లెక్క. నేను కూర్చునేది మేడ మీద రేకుల గదిలో. పన్నెండు దాటితే ఆ రేకుల కింద పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఫ్యాను ఉంది. అయితే షిఫాను, పట్టు కత్తిరించేటప్పుడు గుడ్డ ఎగురుతుందని ఆపేస్తాం. ఈ పని చేసే ఎవరినైనా అడగండి, రోజులో సగం సేపు మా ఫ్యాను ఆగే ఉంటుంది. పక్కన ఇస్త్రీపెట్టె కాలుతూ ఉంటుంది. మరుగుదొడ్డి కింద ఉంది, నాకు మోకాళ్ల నొప్పి. మెట్లు దిగి ఎక్కడం ఎందుకని పొద్దంతా నీళ్లు తాగేదాన్ని కాదు. రాత్రి పని ముగించాక చెంబుల కొద్దీ ఒకేసారి తాగేదాన్ని. చెమట పట్టినట్టు కూడా తెలిసేది కాదు, పొడి గాలికి ఎప్పటికప్పుడు ఆరిపోయేది. సాయంత్రానికి రవిక వీపు మీద తెల్లటి ఉప్పు చారలు మిగిలేవి.

బుధవారం నుంచి రాత్రుళ్లు పిక్కలు పట్టేసేవి. తలనొప్పికి మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కుని పూటకు ఒకటి మింగాను. మూత్రం రోజుకు రెండుసార్లు, అదీ చిక్కని టీ రంగులో. దాన్ని కూడా మంచికే అనుకున్నాను, మెట్లు దిగే పని తప్పిందని.

శనివారం మధ్యాహ్నం పండుగ డ్రెస్సు కోసం పక్క వీధి అక్క వచ్చింది. అప్పటికి నేను మిషను మీదికి వాలిపోయి ఉన్నానట. పిలిస్తే పలికాను కానీ, ఆమెను మా అమ్మ అనుకుని ఊరి సంగతులు అడిగానట. చెయ్యి పట్టుకుంటే నిప్పులా ఉందట, చెమట చుక్క లేదట. ఆమె, మా అబ్బాయి కలిసి నన్ను మోసుకుని కిందికి దించి పాత మిద్దెలో నాపరాళ్ల మీద పడుకోబెట్టారు. చీర మొత్తం తడిపి, బిందెలతో నీళ్లు పోస్తూ, రెండు ఫ్యాన్లు నా మీదికి తిప్పారు. ఎవరో పారాసెటమాల్ తెచ్చారు, ఇంకెవరో అరికాళ్లకు ఉల్లిపాయ రసం రుద్దమన్నారు. ఒకామె చెంబుతో నోట్లో నీళ్లు పోయబోతే, "స్పృహ సరిగా లేదు, పొరబోతుంది, వద్దు" అని అక్క చెంబు లాక్కుందట. 108 వచ్చేదాకా తడుపుతూనే ఉందట. తెల్లవారుజాము నుంచి ఆమె నోట్లో చుక్క నీరు పడలేదు. ఉపవాసం ఆమెది, ఎండిపోయింది నేను!

ఆసుపత్రికి చేరేసరికి, అంతసేపు తడిపిన తరువాత కూడా, జ్వరమాని 104.8 చూపించింది. జ్వరం మాత్ర దీనికి పనిచేయదని డాక్టరమ్మ చెప్పింది. మామూలు జ్వరంలో ఒంటి వేడిని పెంచేది మెదడే, మాత్ర దాన్ని వెనక్కి తగ్గిస్తుంది. వడదెబ్బలో వేడి బయటి నుంచి వచ్చి పేరుకున్నది, దాన్ని నీళ్లతోనూ గాలితోనూ దించాల్సిందే. అక్క చేసింది అదే. రక్తపరీక్షలో సోడియం, అంటే ఒంట్లోని ఉప్పు, 121 ఉంది, ఉండవలసింది 135 నుంచి 145. మూత్రపిండాలు కూడా దెబ్బతినడం మొదలైంది. నేను వేసుకునే బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు ఉందట. అది ఉప్పును బయటికి పంపింది, చెమట ఇంకొంత పంపింది, రాత్రిళ్లు తాగిన ఉత్త నీళ్లు మిగిలినదాన్ని పలచన చేశాయి. దాని మీద తలనొప్పి మాత్రలు మూత్రపిండాలకు తోడయ్యాయి. ఇదంతా నేను నా చేతులతో, శ్రద్ధగా, పూట తప్పకుండా చేసుకున్న పని.

"మే నెలలో ఇంతకన్నా ఎక్కువ ఎండలున్నప్పుడు నాకేమీ కాలేదు కదమ్మా?" అని అడిగాను. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుందట. అలవాటయ్యాక చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది. ఏప్రిల్ మొదట్లోనే ఒక్కసారిగా కాస్తే ఆ వ్యవధి ఉండదు. నా పొగరుకు ఇంతకన్నా మర్యాదైన సమాధానం ఇంకెవరూ ఇచ్చి ఉండరు.

సోడియం గబగబా పెంచితే మెదడుకు ప్రమాదమని కొంచెం కొంచెంగా పెంచారు. ఉగాది పచ్చడి ఆసుపత్రి మంచం మీదే తిన్నాను. కొత్త సంవత్సరం పేరు క్రోధి అట, సరిపోయింది. బుధవారం సాయంత్రం ఇంటికి పంపారు.

మర్నాడు రంజాన్. అక్క షీర్ ఖుర్మా గిన్నెతో వచ్చింది, నేను కుట్టలేకపోయిన ఆ డ్రెస్సులోనే. కింది అంచు చుట్టూ పిన్నులు పెట్టుకుంది. కూర్చో అక్కా, రెండు నిమిషాల పని అని సూది కోసం చూశాను. మా అబ్బాయి సూదుల డబ్బా ఎక్కడో దాచేశాడు. దొరికినా ప్రయోజనం ఉండేది కాదు, నా వేళ్లు అప్పటికి చెంచానే స్థిరంగా పట్టుకోలేకపోతున్నాయి.

కోలుకోవడానికి పట్టినన్ని రోజులు పడిపోవడానికి పట్టలేదు. మూడు వారాలు గది దాటి నడిస్తే ఆయాసం. స్నానానికి నీళ్లు కాస్త గోరువెచ్చగా తగిలినా గుండె దడదడలాడేది. బీపీ మాత్ర మార్చారు. చూడవచ్చిన ప్రతివారూ నన్నారి షర్బత్ తెచ్చారు. రుచికి దానికి సాటి లేదు, కానీ అది పోయిన ఉప్పును తిరిగి ఇవ్వదు. ఓఆర్ఎస్ పొట్లాన్ని మా ఆడపడుచు గ్లాసు నీళ్లలో కలిపి ఇచ్చేది. పొట్లం మొత్తం లీటరు నీళ్లలో కలపాలని నర్సమ్మ కోప్పడ్డాక, పాత లీటరు సీసా ఒకటి దానికోసమే పక్కన పెట్టాం. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం ఉప్పు వేసిన మజ్జిగ.

ఇక మిషను కిందికి, పాత మిద్దెలోకి దిగింది. మా మామగారు కట్టించిన మిద్దె అది. రెండడుగుల మందం గోడలు, పైన నాపరాళ్ల మీద చౌడు మట్టి. దాన్ని పడగొట్టి స్లాబు వేద్దామని మా అబ్బాయి రెండేళ్లుగా పోరుతున్నాడు. మే నెలలో వాడే ఒక చిన్న థర్మామీటరు కొనుక్కొచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి రేకుల గదిలో 45, మిద్దెలో 36. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కూలర్ కూడా కిందికే తెచ్చాం. మా పొడి గాలికి అది బాగా పనిచేస్తుంది, ఎదురుగా కిటికీ తెరిచి ఉంచాలంతే. కత్తిరింపులన్నీ ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికి, ఫ్యాను ఆపినా ఫరవాలేని వేళలో చేస్తున్నాను. పది దాటితే కత్తెర ముట్టను. దీనికి గొణుక్కునే ఖాతాదారులు ఉన్నారు, గొణుక్కోనిస్తాను.

ఆకుపచ్చ రవిక సంగతి జూన్‌లో తేల్చాను. గుడ్డ ఇచ్చినావిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, రెండు చేతులూ విప్పేసి, బజారులో తెచ్చిన మెరూన్ రంగు బ్రొకేడుతో కొత్త చేతులు వేశాను. కూలి తీసుకోలేదు. ఆమె దాన్ని ఒక పెళ్లికి వేసుకుని వెళ్లింది. మరుసటి వారం అదే మాడల్ కావాలని ఇద్దరు పట్టు గుడ్డలు తీసుకుని వచ్చారు.