లోహితాస్యుణ్ణి లేపమన్న నాయనమ్మ

ఎనిమిదో తరగతిలో బడి వార్షికోత్సవానికి హరిశ్చంద్ర నాటకం వేశాం. నేను లోహితాస్యుణ్ణి. పాము కరిచి నేను పడిపోయాక చంద్రమతి పద్యం ఎత్తుకుంది. ముందు వరసలో చాప మీద కూర్చున్న మా నాయనమ్మ లేచి నిలబడి, "మాస్టారూ, ఇంక చాలు, పిల్లాణ్ణి లేపండి!" అంది. ఎవరూ నవ్వలేదు. తెర పక్కనుంచి తెలుగు మాస్టారు "కదలకురా" అన్నారు. తర్వాత నాతో, "చివర్లో నువ్వు బతుకుతావని ఆవిడకి తెలుసురా. అయినా ఆగలేకపోయింది" అన్నారు.

2015లో లాస్ ఏంజెలెస్‌లోని డొరొతీ చాండ్లర్ పెవిలియన్‌లో ఒక ఆపెరా చూస్తుంటే ఆ మాటే గుర్తొచ్చింది. పేరు 'ది గోస్ట్స్ ఆఫ్ వెర్సైల్స్'. సంగీతం జాన్ కోరిలియానో, రచన విలియం హాఫ్‌మన్. 1991 డిసెంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో మొదటిసారి ఆడింది. మాటలన్నీ పాటలోనే నడుస్తాయి. పద్యం వింటూ పెరిగిన మనకు అది కొత్తగా అనిపించదు.

ఫ్రెంచి నాటకకర్త బోమార్షే ఫిగారో అనే పనివాడి మీద మూడు నాటకాలు రాశాడు. మొదటి దాన్ని రోసిని, రెండో దాన్ని మోజార్ట్ ఆపెరాలుగా మలిచారు. 1792 నాటి మూడోది, 'అపరాధి తల్లి', ఈ ఆపెరాకు ఆధారం. అయితే ఇందులో బోమార్షే కూడా ఒక పాత్రే, దయ్యంగా! 1793లో గిలొటిన్‌కు తల ఇచ్చిన ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెత్ దయ్యమై వెర్సైల్స్ రాజభవనంలో కుమిలిపోతుంటే, ఆమెను ప్రేమించిన ఈ దయ్యం తన నాటకంతో చరిత్రనే మార్చి ఆమెను బతికిస్తానంటాడు. రాణిగారి హారం అమ్మి ఆమెను విడిపించాలన్నది ఎత్తు. ఆ హారం ఫిగారో చేతికి చిక్కుతుంది. ఫిగారో బోమార్షే రాసిచ్చిన మాట వినడు, ఎదురు తిరుగుతాడు. పాత్రకు బుద్ధి చెప్పడానికి రచయితే కథలోకి దిగాల్సి వస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

నవ్వులకు లోటు లేదు. మొదటి అంకం చివర టర్కీ రాయబారి ఇంట్లో విందు గోలగోలగా సాగుతుంటే, జర్మన్ ఆపెరాకర్త వాగ్నర్ నాయికలా వేషం కట్టిన ఒకావిడ వచ్చి ఇది ఆపెరానే కాదు, వాగ్నర్‌దే ఆపెరా అని గద్దిస్తుంది. హాలంతా ఘొల్లుమంది. రెండో అంకం కొంచెం సాగుతుంది, నిజమే. కానీ రాణి విచారణ చూశాక ఫిగారో మనసు కరిగే చోట నా గొంతు పట్టేసింది.

చివరికి విడిపించే వీలు దొరుకుతుంది. రాణి వద్దంటుంది. జరిగినది జరిగినట్టే ఉండనీయమని, బోమార్షేను ప్రేమిస్తున్నానని చెప్పి, చావుకు ఒప్పుకుంటుంది. ఆ సమయంలో నా పక్క సీటులోని పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగింది, ఇంకొక్క క్షణంలో లేచి నిలబడేలా.