పాపానీస

మన బడి బ్యాచ్ మీటింగుకి వేస్తున్న సంచికకి రెండు పేజీలు రాసివ్వమని కమిటీ తరఫున గోళీసోడా ఫోన్ చేశాడు. చేస్తూనే షరతు పెట్టాడు: "బడి గురించి రాయి, నీ సాక్సోఫోన్ గురించి కాదు." బడిలో నాకు ఇంకేం గుర్తుందని? పదో తరగతి పూర్తిగా ఎగిరిపోయింది. తొమ్మిదిలో ఏం చదివానో తెలీదు. పాసయ్యానని సర్టిఫికెట్ అంటోంది, నమ్మాలి. కందిరీగల కేసు, హెడ్మాస్టారి గొడుగు, సిరిమాను జాతర నాడు తప్పిపోయిన ఉప్పుచేప, ఇవన్నీ మీలో ఎవరో రాస్తారు, నాకంటే బాగా రాస్తారు. నాకు ఎనిమిదో తరగతి, సైకిల్ స్టాండు పక్క వరండా, బ్యాండు మాస్టారు చాలు.

వాద్యాలు పంచిన రోజు సైడ్ డ్రమ్ముల కోసం ఎంత కొట్టుకున్నారో మీకు తెలుసు. మెడకి పట్టీ తగిలించుకుని మొయ్యాలనగానే అందరూ ఒకడుగు వెనక్కేశారు. నేను వెయ్యలేదు, అంతే, సాక్సోఫోన్ నాదైంది. ఎప్పుడో మీరట్ నుంచి తెప్పించిన ఆల్టో రకం సాక్సోఫోన్. దాని మెడ దగ్గర కార్కు ఊడిపోతే దారం చుట్టి నడిపిస్తున్నారు.

మొదటి టర్మంతా మాస్టారు నాకు ఒకటే స్వరం ఇచ్చారు, 'ప'. ఎడమచేతి మూడు వేళ్ళు మూస్తే పలికేది. గోడకి అడుగు దూరంలో నిలబెట్టి ఊదమనేవారు, మన శబ్దం మన చెవిలోకే తిరిగొస్తుందని. సన్నగా మొదలెట్టి, పెంచి, మళ్ళీ సన్నగా దించి ఆపాలి. పెంచినప్పుడు శ్రుతి కిందికి జారకూడదు, దించినప్పుడు పైకి పోకూడదు. ఎన్ని వారాలు ఊదినా ఆ రెండోదే కుదరదు. కింది పెదవి పళ్ళమీదికి మడిచి, పై పళ్ళు మౌత్‌పీసు మీద ఆనించి, మూతి మూలలు బిగించి, గొంతు మాత్రం ఆవులించినట్టు వదిలెయ్యాలి. బుగ్గలు పొంగాయా, వేలితో పొడిచేవారు. "బూరెలు ఇంటికాడ తిను."

నేను పాట అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "బేగి ఊదేస్తే పాటైపోద్దేటిరా గుంటడా?"

సాక్సోఫోన్ రిపేరుకి వెళ్ళిన రోజుల్లోనూ సెలవు లేదు. చిన్న కాగితం ముక్క గోడకి ఆనించి, చెయ్యి తీసేసి, ఊపిరితోనే అది కిందపడకుండా నిలబెట్టాలి. లెక్కల మాస్టారు అటు వెళ్తూ "ఈడికేటైందండీ?" అని అడిగింది నన్ను చూసే. ఆ ప్రశ్న తరవాత మీరందరూ ఎన్నాళ్ళు వాడుకున్నారో గుర్తుంచుకున్నాను.

మాస్టారు మిలటరీ బ్యాండులో చేసి వచ్చినవారు, శిక్షణ పచ్‌మఢీలో. కానీ వాళ్ళ నాన్నగారిది సన్నాయి. అందుకని కాగితం మీద స్టాఫ్ నొటేషనూ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి), నోట్లో సరిగమలూ రెండూ నడిచేవి. జనవరి 26 పెరేడ్ అయ్యాక నన్ను మాయామాళవగౌళలో సరళీ వరసలకి ఎక్కించారు. (ఆ పెరేడ్‌లో గంటస్తంభం దాకా నేను వాయించింది కూడా 'ప' ఒక్కటే. మా నాన్న "నీది పాడైపోయిందా?" అని అడిగారు.)

ఇక్కడే మన చరిత్రాత్మక సంఘటన. పాశ్చాత్యుల సి స్వరం మీద 'స' పెడితే ఆ రాగంలో 'ధ' సరిగ్గా జి షార్ప్ మీద పడుతుంది. సాక్సోఫోన్లో అన్నింటికంటే ఎక్కువ అతుక్కుపోయే మూత అదే. ఉమ్మి తడికి ప్యాడ్ రంధ్రానికి అంటుకుని, మీట నొక్కినా లేవదు. అప్పుడు 'ధ' బదులు 'ప'యే మళ్ళీ పలుకుతుంది. బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ గారి ముందు నేను వాయించింది: స రి గ మ ప ప ని స. వెనక వరస నుంచి "పాపానీస" అన్న గొంతు ఎవరిదో నాకు అప్పుడే తెలుసు. అతనిప్పుడు మన కమిటీ కోశాధికారి. మాస్టారు నవ్వలేదు, తిట్టలేదు. "ఎవరికాడైనా కొత్త నోటుందేటి?" అని అడిగారు. కోశాధికారి గారి జేబులోంచి వచ్చిన రెండు రూపాయల నోటుని ప్యాడ్ కింద పెట్టి, మెల్లగా నొక్కి, తుడిచి లాగారు. 'ధ' పలికింది. నోటు మాస్టారి చొక్కా జేబులోకి వెళ్ళింది. సభ్యత్వ రుసుంలో ఆ రెండు రూపాయలూ తగ్గించమని అతను ఇప్పటికీ అడుగుతున్నట్టు విన్నాను.

ఆ తరవాత ఇంటరూ, డిగ్రీ, బ్యాంకు పరీక్షలు. చెప్పుకోడానికేమీ లేదు.

ఉద్యోగంలో మంగళూరు బదిలీ అయితే అందరూ అయ్యో అన్నారు. నాకు మాత్రం లాటరీ తగిలింది. అక్కడ గుళ్ళో, పెళ్ళిలో మంగళవాద్యంగా సాక్సోఫోన్ వాయిస్తారు. సాక్సోఫోన్ విద్వాంసులు కద్రి గోపాలనాథ్ గారి ఊరు మరి. ఆయనా నాగస్వర విద్వాంసుడి కొడుకే. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యం చూసి పట్టుకున్నారు, 1994లో లండన్ ప్రామ్స్ సంగీతోత్సవం దాకా తీసుకెళ్ళారు. ఆ ఊళ్ళో నేను చేరిన గురువుగారు మొదటి రోజు ఒక్క స్వరం పట్టమన్నారు. పట్టాను. ఆపమనేదాకా ఆపలేదు. "వేళ్ళు తుప్పు పట్టాయి, ఊపిరి ఎవరు నేర్పారు?" అన్నారు. మన వరండా గురించి ఆయనకి చాలాసేపు చెప్పాను.

వేళ్ళకి మాత్రం కొన్నేళ్ళు పట్టింది. పై స్థాయిలో 'రి'కి ఒక్క వేలూ అక్కర్లేదు, 'గ'కి అయిదు వేళ్ళూ, బొటనవేలి కింద ఆక్టేవ్ కీ (స్థాయి పెంచే మీట) కూడా ఒక్కసారి పడాలి. అన్నీ కలిసి పడకపోతే మధ్యలో ఒక పిచ్చి స్వరం కూస్తుంది. దానికి వేగం మందు కాదు. లయ కొట్టే మెట్రోనోమ్ వేగం బాగా తగ్గించి ఆ రెండు స్వరాలే తిప్పి తిప్పి వాయించాలి. నన్ను చూసి కొత్తగా మొదలెట్టిన మన బ్యాచ్ వాళ్ళు ఇద్దరున్నారు కాబట్టి చెబుతున్నాను: ముందు మెత్తని రీడు (మౌత్‌పీసుకి బిగించే పలచని బద్ద), రెండో నంబరుదో రెండున్నరో కొనండి. వాయించాక మౌత్‌పీసుకే వదిలెయ్యకండి, వంకర తిరుగుతుంది. తుడిచి అద్దం ముక్క మీద ఆరబెట్టండి. యూట్యూబులో పాటల జోలికి తరవాత వెళ్ళొచ్చు.

ఇప్పుడు నాది యమహా సాక్సోఫోన్. కొన్నప్పుడు మా ఆవిడ కారు మార్చుకోవచ్చు కదా అంది. మొన్న దసరా నవరాత్రుల్లో వయొలిన్, మృదంగం పక్కవాద్యాలుగా రెండు గంటల కచేరీ చేశాక ఆ మాట మళ్ళీ అనలేదు. అమ్మాయి అమెరికా నుంచి ఫోన్లో మొత్తం చూసింది.

మీటింగులో నాకు పది నిమిషాలు ఇచ్చారు. క్లారినెట్ వాళ్ళు ఒక గంట ముందు రండి. నేను సి మీద 'స' పెడతాను, నాది ఇ ఫ్లాట్ వాద్యం కాబట్టి అది రెండున్నర శ్రుతి. మీది బి ఫ్లాట్ కాబట్టి మీరు ఎఫ్ మీద పెట్టుకోవాలి, లేకపోతే ఎవరి ఊరు వాళ్ళదే అవుతుంది. ట్రంపెట్టుకీ అంతే. డ్రమ్ముల వాళ్ళు ఎప్పుడొచ్చినా ఫరవాలేదు, వాళ్ళెలాగూ ఆలస్యంగానే వస్తారు. ఇదంతా గోళీసోడాకి మీలో ఎవరైనా చెప్పండి, ఈ వ్యాసం చదివాక నా ఫోన్ ఎత్తడు.